కాళ్లు కనపడేలా తీసినవాడి కోసం: ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నేను పిల్లలకు కూచిపూడి నేర్పుతాను. సినిమా మనిషిని కాను. అయినా ఈ ఉత్తరం ఒక సినిమా దర్శకుడి గురించే. 2024 ఫిబ్రవరి 24న కుమార్ షహానీ తన ఎనభై మూడో ఏట కలకత్తాలో కన్నుమూశారు. ఆయన పేరు పెట్టి అవార్డు ఇమ్మనో, విగ్రహం కట్టించమనో అడగడానికి రాలేదు. ఆయన సినిమాలు మాకు చూపించమని అడుగుతున్నాను.

ముందు నా గోడు వినండి. కొన్నేళ్ల కిందట నా శిష్యురాలు ఒక పెద్ద ఉత్సవంలో తరంగం చేసింది. తలమీద నీళ్ల చెంబు, కాళ్లకింద ఇత్తడి పళ్లెం. పళ్లెం అంచును కాలివేళ్లతో పట్టి, తాళం తప్పకుండా దాన్ని జరపడానికి ఆ పిల్లకు నాలుగేళ్లు పట్టింది. నిర్వాహకులు మూడు కెమెరాలు పెట్టారు. రికార్డింగు వచ్చాక వాళ్లింట్లో అందరం కూర్చుని చూశాం. పళ్లెం కదిలినంతసేపూ అమ్మాయి ముఖమే! జతి ముక్తాయికి, అంటే అడుగుల వరస ముగింపుకు, వచ్చేసరికి ముందు వరసలో చప్పట్లు కొడుతున్న అతిథులు. పళ్లెం చప్పుడు వినపడుతోంది గానీ పళ్లెం లేదు. వాళ్ల నాయనమ్మ "కాళ్లేవే?" అని అడిగింది. ఎవరం ఏం చెప్తాం?

ఆ తర్వాత చాన్నాళ్లకు ఒక మిత్రుడి దగ్గర అరిగిపోయిన కాపీలో షహానీ తీసిన 'భావాంతరణ' చూశాను. 1991 నాటి సినిమా. ఒడిస్సీ గురువు కేలూచరణ్ మహాపాత్ర మీద తీసింది. బొమ్మ మసక, రంగులు వెలిసిపోయాయి. అయినా పది నిమిషాలకే నేను కుర్చీ అంచుకు వచ్చేశాను. ఆ కెమెరాకు తొందర లేదు. నర్తకుడు ఒక భంగిమలోకి వెళ్లడానికి ఎంతసేపు తీసుకుంటే అంతసేపూ ఆగుతుంది, ఆయన కదిలితే తనూ కదులుతుంది. మాకు అడుగుకూ అడుగుకూ మధ్య ఉండే జాగాయే నాట్యం. మా రికార్డింగుల్లో ముందు కత్తెర పడేది అక్కడే.

కేలూచరణ్ గారు 1926లో ఒడిశాలోని రఘురాజ్‌పూర్‌లో, గుడ్డ మీద పటచిత్రాలు వేసే ఇంట్లో పుట్టారు. చిన్నతనంలో గోటిపువా ఆడారు, అంటే ఆడపిల్ల వేషంలో మగపిల్లలు చేసే నాట్యం. పెద్దయ్యాక ఆయన రాధ కావడానికి వేషమే అక్కర్లేకపోయింది. పంచె, వట్టి ఛాతీ, పలచబడ్డ జుట్టు. భుజం కాస్త వాలితే చాలు, ఎదురుగా అలిగిన ఆడమనిషి.

ఇది చూసినప్పుడు తెలుగువాళ్లకు కూచిపూడిలో ఆడవేషాలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారు గుర్తురాకుండా ఉంటారా? తెర మీంచి జడ ఇటు పడిందంటే చాలు, సత్యభామ వచ్చేసినట్టే. ఆయన 2012లో వెళ్లిపోయారు. షహానీలాంటి వాడొకడు వచ్చి, ఆయన ముందు అంత ఓపికగా కెమెరా పెట్టిన సినిమా నా కంట ఇంతవరకూ పడలేదు.

షహానీ సినిమాలు అందరికీ ఎక్కవని నాకు తెలుసు. నిజం చెప్పాలంటే 'మాయాదర్పణ్' మొదటిసారి చూస్తూ నేనూ కునుకు తీశాను. రెండోసారి చూసినప్పుడు మాత్రం నాట్యకారిణి చంద్రలేఖ కూర్చిన ఛౌ నృత్యం, అంటే తూర్పు రాష్ట్రాల జానపద నాట్యం, దగ్గర లేచి కూర్చున్నాను. 1972లో వచ్చిన ఆ సినిమాకు జాతీయ ఉత్తమ హిందీ చిత్రం అవార్డు ఇచ్చారు. ఆ తర్వాత ఆయన మళ్లీ కథాచిత్రం తీయడానికి 1984 దాకా ఆగాల్సి వచ్చింది. అదే 'తరంగ్', మా పళ్లేనికీ దానికీ ఏ సంబంధమూ లేదు లెండి. 1989 నాటి 'ఖయాల్ గాథా'లో బిర్జూ మహారాజ్ కథక్ ఉంది. బెంగాలీ దర్శకుడు రిత్విక్ ఘటక్ దగ్గర చదువుకుని, ఫ్రాన్స్‌లో దర్శకుడు రాబర్ట్ బ్రెస్సాఁ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి నాట్యం దగ్గరకు మళ్లీ మళ్లీ ఎందుకు వెళ్లాడో ఆ సినిమాలు వరసగా చూస్తే గానీ తెలీదు. వరసగా చూసే వీలే మాకు లేదు.

'మాయాదర్పణ్'కు డబ్బు పెట్టింది అప్పటి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్. 'ఖయాల్ గాథా'కు మధ్యప్రదేశ్ చలనచిత్ర అభివృద్ధి సంస్థ. ప్రజల సొమ్ముతో తీసిన బొమ్మ ప్రజలకు చూపించమనడం గొంతెమ్మ కోరిక కాదు కదా. 2022లో జాతీయ ఫిల్మ్ హెరిటేజ్ మిషన్ కింద పాత సినిమాల రీస్టోరేషన్‌కు రూ.363 కోట్లు మీ శాఖే ప్రకటించింది. ఆ పనిలో షహానీ నాట్య చిత్రాలన్నిటికీ చోటివ్వండి. హక్కులు వేరేవాళ్ల దగ్గరుంటే పిలిచి మాట్లాడండి. బాగుచేసినవి ఏవైనా ఇప్పటికే ఉంటే ఢిల్లీ, గోవా ఉత్సవాలతో సరిపెట్టకుండా మా దాకా పంపండి.

మొదటి ప్రదర్శన ఎక్కడంటే, కృష్ణా జిల్లా కూచిపూడిలో వేయించండి. ఆదివారం సాయంత్రమైతే చుట్టుపక్కల డాన్స్ క్లాసుల పిల్లలంతా వస్తారు, మావాళ్లను నేను తీసుకొస్తాను. ఒక్కటే మనవి, తెర కాస్త ఎత్తుగా కట్టించండి. ముందు కూర్చున్నవాళ్ల తలలు అడ్డొచ్చి కాళ్లు కనపడకపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇట్లు,
ఒక కూచిపూడి టీచర్