పాత సర్వర్‌ని తొందరపడి ఆపెయ్యకు

గుంటూరు,
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

నిన్న నువ్వు ఫోన్లో చెప్తుంటే మధ్యలో రెండుసార్లు కట్టయింది. నాకు అర్థమైంది ఇంత: మీ ఆఫీసులో నలభై సిస్టమ్స్, అన్నిటికీ కలిపి ఒకటే సర్వర్, దాంట్లో విండోస్ సర్వర్ 2012 ఆర్2 ఉంది. కొత్త డబ్బా వచ్చింది, 2022 వేసి పెట్టారు. మీ సీనియరేమో పెళ్లి సెలవులో ఉన్నాడు. "శనివారం నువ్వే మార్చెయ్యమ్మా" అన్నారు. నువ్వేమో "సింపులే నాన్నా, ఒక్క రాత్రి పని" అన్నావు. ఆ ఒక్క రాత్రి అన్న మాట దగ్గరే నా నిద్ర పోయింది.

ఫోన్లో చెప్తే ఊఁ కొడతావు గానీ వినవు. అందుకే రాస్తున్నా.

మార్చాల్సిందే, అందులో అనుమానం లేదు. 2012 ఆర్2కి 2023 అక్టోబరు 10తో సపోర్ట్ అయిపోయింది. డబ్బు కట్టి పొడిగించుకున్నవాళ్లకి తప్ప సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు. నేను చెప్పేది మార్చొద్దని కాదు, ఒక్క రాత్రిలో మార్చొద్దని.

2015 మార్చిలో నేనూ అదే మాట అన్నాను, ఒక్క రాత్రి పని అని. నువ్వప్పుడు ఎనిమిదో తరగతి. మన మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ వ్యాపారి ఆఫీసు, ఇరవై సిస్టమ్స్. సర్వర్‌లో 2003 ఉంది. ఆ జూలై 14తో దానికి సపోర్ట్ ఆగిపోతుందని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో చెప్పేసింది. వేసవిలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు చేద్దామని నేను అనాల్సింది. అనలేదు. పని చేతిలో ఉంది, డబ్బులొస్తాయి అనుకున్నా. మార్చి అంటే సీజన్ నడుమ. మిర్చి టిక్కీలు (బస్తాలు) దించడానికి లారీలు బారులు తీరి ఉంటాయి.

ఆ పాత సర్వర్ మూత తీయడం నాకిప్పటికీ గుర్తే. ఫ్యాను ఏళ్ల తరబడి మిర్చి దుమ్ము పీల్చి పీల్చి, లోపలంతా ఎర్రటి పొర కట్టింది. తెలివితక్కువగా గదిలోనే బ్లోయర్ పెట్టాను. అంతే, గుమాస్తాలు ఒక్కొక్కళ్లూ దగ్గుకుంటూ బయటికి పరిగెత్తారు. నేను కళ్లు తుడుచుకుంటూ మెట్ల మీద పావుగంట కూర్చున్నా. ఇంటికొచ్చాక మీ అమ్మ నా చొక్కాని విడిగా నానబెట్టింది.

సరే, అసలు సంగతి. శనివారం రాత్రి కొత్త సర్వర్‌ని డొమైన్‌లో, అంటే ఆఫీసు సిస్టమ్స్, యూజర్లు అన్నీ ఒకే పద్దు కింద ఉండే గుంపులో కలిపాను, డొమైన్ కంట్రోలర్‌గా, అంటే ఆ పద్దు చూసే పెద్దగా ప్రమోట్ చేశాను, పాతదాని బాధ్యతలు (రోల్స్) దానికి మార్చాను, ఫైల్స్ కాపీ చేశాను. నా ల్యాప్‌టాప్ పెట్టి చూశాను, అన్నీ తెరుచుకున్నాయి. పాతదాన్ని షట్‌డౌన్ చేసి ఇంటికొచ్చి హాయిగా పడుకున్నా.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్. వెళ్లి చూస్తే గుమాస్తా లాగిన్ అయ్యాడు, డెస్క్‌టాప్ వచ్చింది. హమ్మయ్య అనుకున్నా. తర్వాత చూస్తే సర్వర్ ఫైల్స్ కనిపించే ఎస్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ మార్కు. బిల్లింగ్ తెరుచుకోదు, నెట్ రాదు, ప్రింట్ పోదు. లాగిన్ అయ్యింది సర్వర్ పలకబట్టి కాదు, పాత పాస్‌వర్డ్ తాలూకు గుర్తు ఆ సిస్టమ్‌లోనే దాచి ఉంటుంది కాబట్టి. విండోస్ అలా దాచుకుంటుంది. దాన్ని చూసి మోసపోకు.

ఎందుకలా అయింది? డీఎన్ఎస్ అంటే పేరు అడిగితే అడ్రస్ చెప్పేది, అన్ని సిస్టమ్స్‌కీ ఆ డీఎన్ఎస్ అడ్రస్ పాత సర్వర్‌దే. ఆ అడ్రస్ పంచిపెట్టే డీహెచ్‌సీపీ కూడా పాత సర్వర్‌లోనే. నేను ఆపింది ఆ రెండిటినీ కలిపి. మరి నా ల్యాప్‌టాప్‌లో ఎలా పనిచేసింది అంటావా? దాంట్లో కొత్త సర్వర్ అడ్రస్ నేనే చేత్తో కొట్టాను! పరీక్ష పెట్టిందీ నేనే, జవాబు రాసుకుందీ నేనే.

పాత సర్వర్‌ని మళ్లీ ఆన్ చేశాను. డిమోట్ చెయ్యకుండా, అంటే కంట్రోలర్ పదవి తీసెయ్యకుండా, ఊరికే షట్‌డౌన్ చేసి ఉండటమే ఆ రోజు నన్ను కాపాడింది. అది లేవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ పట్టీల (అమ్మిన సరుకు లెక్క చీటీల) కోసం రైతులు గుమ్మంలో నిలబడి ఉన్నారు, గుమాస్తాలు చేత్తో రాసిస్తున్నారు. ఓనరు ఒక్క మాట అనలేదు. నాకు టీ తెప్పించాడు. తిట్టినా బాగుండేది.

కాబట్టి వచ్చే శనివారం పాతదాన్ని తీసెయ్యాల్సిన రోజు అనుకోకు. కొత్తది కాపురానికి వచ్చే రోజు, అంతే. రెండూ కనీసం రెండు వారాలు పక్కపక్కనే ఉండాలి. యూపీఎస్ రెండిటి బరువూ మోస్తుందో లేదో ముందే చూసుకో.

ఇప్పుడు మెల్లగా చదువు.

శనివారం కంటే ముందే బ్యాకప్ తీసుకో. తీసి ఊరుకోవడం కాదు, దాంట్లోంచి ఒక ఫైల్ వెనక్కి తెచ్చి తెరిచి చూడు. రెయిడ్ (రెండు డిస్కుల్లో ఒకే డేటా రాసే ఏర్పాటు) ఉంది కదా అనకు. రెయిడ్ డిస్కు పోతే కాపాడుతుంది గానీ, మనిషి డిలీట్ కొడితే రెండు డిస్కుల్లోంచీ కలిపి పోతుంది. ఆ కాపీ కూడా ఆఫీసులో పెట్టకు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు నేను ఒక ఆఫీసుకి వెళ్లాను. సర్వర్ నేల మీద, బ్యాకప్ హార్డ్ డిస్క్ దాని పక్క సొరుగులో. రెండూ ఒకే నీళ్లలో ఉన్నాయి. మీ సర్వర్ కింద ఉంటే ముందు బల్లెక్కించు.

తర్వాత, మీ డొమైన్ ఎప్పటిదో కనుక్కో. 2003 కాలంలో పుట్టిందయితే సిస్‌వాల్ ఫోల్డర్ (కంట్రోలర్లన్నీ ఒకేలా ఉంచుకునే రూల్స్, స్క్రిప్టులు ఉండేది) ఇంకా ఎఫ్ఆర్ఎస్ అనే పాత పద్ధతిలోనే కాపీ అవుతూ ఉండొచ్చు. 2022 దాన్ని ఒప్పుకోదు, ముందు డీఎఫ్ఎస్ఆర్ అనే కొత్త పద్ధతికి మార్చుకోవాలి. పాత సర్వర్‌లో డీఎఫ్ఎస్ఆర్‌మిగ్ కమాండ్‌తో స్థితి అడుగు, ఎలిమినేటెడ్ (పాత పద్ధతి పోయినట్టు) అని వస్తే పర్లేదు. డొమైన్ ఫంక్షనల్ లెవెల్ (డొమైన్ ఏ వెర్షన్ స్థాయిలో నడుస్తోందో అది) కూడా కనీసం 2008 ఉండాలి.

కొత్తదానికి కొత్త పేరు పెట్టు, కొత్త ఐపీ పెట్టు. పాతదాని పేరే ఇప్పుడే పెట్టాలని చూడకు, ఒకే పేరుతో రెండు ఉంటే నెట్‌వర్క్‌కి పిచ్చెక్కుతుంది. డొమైన్‌లో కలిపే ముందు కొత్తదాని డీఎన్ఎస్‌లో పాత సర్వర్ ఐపీ ఉండాలి. గూగుల్ వాళ్ల 8.8.8.8 కాదు. గూగుల్‌కి మీ ఆఫీసు డొమైన్ ఎక్కడుందో ఏం తెలుసు?

టైమ్ చూడు. నవ్వకు. రెండిటి గడియారాలకీ ఐదు నిమిషాలకి మించి తేడా ఉంటే కెర్బెరోస్, అంటే లాగిన్‌ని తనిఖీ చేసే పద్ధతి, లోపలికి రానివ్వదు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా ఎందుకు తిప్పి కొడుతోందో తెలియక రాత్రంతా కూర్చున్నవాళ్లని చూశాను. మదర్‌బోర్డు మీద బిళ్లంత బ్యాటరీ అయిపోవడమే కారణం.

ప్రమోట్ చేసేటప్పుడు మొదటి స్క్రీన్‌లోనే ఆగి చదువు. ఉన్న డొమైన్‌కి ఇంకో కంట్రోలర్‌ని చేర్చడం ఒకటి, కొత్త ఫారెస్ట్, అంటే పాతదాంతో సంబంధం లేని వేరే కాపురం, పెట్టడం ఒకటి. కొత్త ఫారెస్ట్ నొక్కి అదే డొమైన్ పేరు కొట్టావంటే అంతా అయినట్టే కనిపిస్తుంది. కానీ మీ నలభై సిస్టమ్స్ దాన్ని గుర్తుపట్టవు. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన చుట్టాలైపోతారా? మన లైన్లోనే మన ఇంటిపేరు వాళ్లు ఇంకో రెండిళ్లున్నారు, ఎవరి పొయ్యి వాళ్లదే.

ప్రమోట్ అయ్యాక వెంటనే ముందుకు పోకు. రెండూ మాట్లాడుకుంటున్నాయో లేదో రెప్అడ్మిన్ కమాండ్‌తో చూడు, కంట్రోలర్ ఆరోగ్యం చెప్పే డీసీడయాగ్ నడుపు. పాతదాంట్లో ఒక ఉత్తుత్తి యూజర్‌ని సృష్టించి కొత్తదాంట్లో కనిపిస్తాడేమో చూడు. నాకు వందలైన్ల రిపోర్టు కంటే దీని మీదే నమ్మకం. ఆ రాత్రికి అక్కడితో ఆపేసి ఇంటికెళ్లి అన్నం తిను.

మిగతాది వారం రోజుల్లో చెయ్యి. ఎఫ్ఎస్ఎంఓ రోల్స్, అంటే ఒక్కోటీ ఒక్క కంట్రోలరే చేసే ప్రత్యేక పనులు, ఐదుంటాయి. వాటిని ట్రాన్స్‌ఫర్ చెయ్యాలి, సీజ్ చెయ్యకూడదు. సీజ్ (బలవంతంగా లాక్కోవడం) అన్నది పాతది చచ్చిపోయినప్పుడు చేసేది. ఒకసారి సీజ్ చేశాక పాతదాన్ని మళ్లీ నెట్‌వర్క్‌లో పెట్టకూడదు. మీది బతికే ఉంది, మర్యాదగా అడిగి తీసుకో. ఆ ఐదింట్లో ఒకటైన పీడీసీ ఎమ్యులేటర్ కొత్తదానికి వచ్చాక, బయటి టైమ్ సర్వర్ నుంచి టైమ్ తీసుకునేలా దాన్ని సెట్ చెయ్యి, ఆఫీసు మొత్తం దాన్ని చూసే గడియారం దిద్దుకుంటుంది.

డీహెచ్‌సీపీ దగ్గరే నా పరువు పోయింది కాబట్టి ఇది రెండుసార్లు చదువు. విండోస్‌లో మామూలుగా లీజు (ఇచ్చిన అడ్రస్ గడువు) ఎనిమిది రోజులు. నువ్వు ఇవాళ డీఎన్ఎస్ అడ్రస్ మార్చినా, సిస్టమ్స్‌కి ఆ సంగతి లీజు రెన్యూ చేసుకునేటప్పుడే తెలుస్తుంది. అందుకని ముందు పాత డీహెచ్‌సీపీలోనే రెండు అడ్రసులూ ఇవ్వు, కొత్తది మొదట, పాతది తర్వాత. అందరూ తీసుకున్నారని నాలుగు సిస్టమ్స్ దగ్గర కూర్చుని కళ్లారా చూశాక డీహెచ్‌సీపీని కొత్తదానికి మార్చు, పాతదాంట్లో ఆపెయ్. రెండూ ఒకే అడ్రసులు పంచుతుంటే కొట్లాటే.

ఫైల్స్‌కి రోబోకాపీ కమాండ్ వాడు, పర్మిషన్లు కూడా తెమ్మని స్విచ్ ఇస్తేనే (/COPYALL) అవీ వస్తాయి. ముందు రోజుల్లోనే ఒకసారి మొత్తం కాపీ చేసి, చివరి రాత్రి మారినవి మాత్రం తెచ్చుకో. మిర్రర్ స్విచ్ వాడితే మాత్రం ఎంటర్ కొట్టేముందు లేచి మంచినీళ్లు తాగిరా. అది మూలంలో లేనిదాన్ని గమ్యంలో చెరిపేస్తుంది. రెండూ తారుమారు రాశావంటే ఖాళీ ఫోల్డర్‌కి అచ్చం అలాంటి ఖాళీ ఫోల్డర్ తయారవుతుంది, మీ డేటా ఉన్నచోట.

మీ అకౌంట్స్‌లో ట్యాలీ పాత సర్వర్ మీదే ఉందన్నావు. పాతదాంట్లో లైసెన్స్ సరెండర్ చేశాకే కొత్తదాంట్లో యాక్టివేట్ చెయ్యి. డేటా ఫోల్డర్ తెచ్చేసి లైసెన్స్ మర్చిపోతారు చాలామంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది. పాత సర్వర్ ఏమేం చేస్తోందో ఏ కాగితం మీదా ఉండదు. నా మిర్చి ఆఫీసులో రెండోసారి అన్నీ సరిగ్గా మార్చాక కూడా నాకు ధైర్యం చాల్లేదు. పాతదాన్ని ఆపకుండా, ల్యాన్ కేబుల్ ఒక్కటి పీకి కుర్చీ వేసుకుని కూర్చున్నా, ఎవరు అరుస్తారో చూద్దామని. అరగంటలో కాటా దగ్గర నుంచి కేక. ఆ సిస్టమ్‌కి ఎవరో ఎప్పుడో చేత్తో ఐపీ, డీఎన్ఎస్ కొట్టి పెట్టారు. అడ్రస్ రాసిన చీటీ కీబోర్డు అడుగున అంటించి ఉంది, సగం చెరిగిపోయి. మధ్యాహ్నానికి జిరాక్సు మిషను. స్కాన్ చేసినవి పాత సర్వర్ ఫోల్డర్లో పడేవి.

మీ దగ్గర ఆ మిషను పాతదయితే ఇంకో చిక్కుంది. పాత మిషన్లు ఎస్ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైల్స్ పంచుకునే పద్ధతి) ఒకటో వెర్షన్‌తోనే మాట్లాడతాయి, సర్వర్ 2022లో అది మామూలుగా ఉండదు. దాని కోసం కొత్త సర్వర్‌లో ఆ పాత తలుపు తెరవకు. స్కాన్‌లు మెయిల్‌కి పంపేలా సెట్ చెయ్యి.

కేబుల్ పీకి రెండు మూడు రోజులు చూడు. ఎవరూ అరవకపోతే మళ్లీ గుచ్చు, గుచ్చాకే డిమోట్ చెయ్యి. నెట్‌వర్క్‌లో ఉండగా డిమోట్ చేస్తేనే మిగతా సర్వర్ దాని పేరు పద్దులోంచి శుభ్రంగా కొట్టేస్తుంది. పాత డీఎన్ఎస్ అడ్రస్‌ని డీహెచ్‌సీపీలోంచి ముందే తీసెయ్యడం మర్చిపోకు.

ఒక్కటే కంట్రోలర్ మిగలడం నాకు నచ్చదు గానీ రెండోది కొనమని మీ మేనేజరుకి నేను చెప్పలేను కదా. నువ్వు మెయిల్లో ఒక లైను రాసి పెట్టు. రేపు ఏదన్నా అయితే ఆ లైను ఉపయోగపడుతుంది.

ఇదంతా చదివి "నాన్న భయపెడుతున్నాడు" అనుకుంటావు. నీకు ఈ పని రాదని కాదు. కమాండ్లు నీకు నాకంటే బాగా వచ్చు, నేనింకా చాలావాటికి మౌస్ కోసం వెతుక్కునే మనిషిని. రెండు వారాలు పడుతుందని మీ మేనేజరుతో సోమవారమే చెప్పెయ్. కాటా మీద ఎవరో అరిచేటప్పుడు చెప్పడం కంటే ఇప్పుడు చెప్పడం సులువు. ఆయన సణిగితే సణగనీ.

శనివారం రాత్రి ఫోన్ పక్కనే పెట్టుకుంటా. ఎంత రాత్రయినా చెయ్యి. ప్రమోట్ దగ్గర మొదటి స్క్రీన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, నేను చూశాకే నెక్స్ట్ నొక్కు.

మీ అమ్మ గోంగూర పచ్చడి జాడీ బస్సు పార్శిల్లో వేస్తోంది, రేపు సాయంత్రానికి వస్తుంది. మూతకి ప్లాస్టిక్ కవర్ కట్టింది, జాగ్రత్తగా విప్పు. పక్కన చిన్న పొట్లంలో సీఆర్ 2032 బ్యాటరీలు రెండు, కేబుళ్లకి అంటించే లేబుల్ టేపు ఒకటి పెట్టాను. బ్యాటరీలు కొత్తవే.

మీ నాన్న