నల్ల కళ్ళద్దాల గుట్టు బయటపడింది

తాడేపల్లిగూడెం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు, తిట్టుకో, దానికి నేను అర్హుడినే. ఇంట్లో అందరూ బాగున్నారు. అమ్మకి షుగరు అదుపులో ఉంది, చిన్నాడు బడికి వెళ్ళనని పొద్దున్నే కచేరీ పెడుతున్నాడు, మా బ్రాంచికి కొత్త మేనేజరు వచ్చాడు. చారి మాస్టారికి కళ్ళజోడు పెడితే ఎలా ఉంటారో అలా ఉంటాడు, మిగతాది నువ్వే ఊహించుకో. ఇక చాలు, అసలు సంగతికొస్తా. ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

నీ పెళ్ళిలో నేను రాత్రిపూట కూడా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగితే మీ బావమరిది నాకో పేరు పెట్టాడు, గుర్తుందా? ఆ అద్దాల వెనక చింతనిప్పులాంటి కన్నుందని నీకూ నాకే తెలుసు. ఆ కంటికీ నా నడుముకీ చుట్టరికం ఉందటరా! ఒకే జబ్బట. నవ్వకు, నిజం.

నా నడుం నొప్పి చరిత్ర నీకు కొత్త కాదు. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం కింది వెన్నుపూసల మధ్య, డిస్క్ ఉబ్బిందన్నారు, బెల్టు కట్టారు, బరువులెత్తొద్దన్నారు, పరుపు తీసేసి చెక్క మంచం మీద పడుకోమన్నారు. ఆ చెక్క మంచం మీద తెల్లవారుజామున లేచి కూర్చుని గోడని ఎన్నిసార్లు తిట్టానో మా ఆవిడకే తెలుసు. అప్పుడు తీసిన ఎంఆర్ఐ ఫిల్మ్ బీరువాలో పదిలంగా ఉంది. ఎవరడిగినా అదే చూపించేవాణ్ణి, ‘డిస్క్’ అనేవాణ్ణి, అవతలివాళ్ళు ‘అయ్యో’ అనేవాళ్ళు. అక్కడితో అయిపోయేది.

మొన్న మా ఆఫీసులో ఒకాయన పోరు పెడితే విజయవాడలో ఒక రుమటాలజిస్టు, అదే కీళ్ళవాతాల డాక్టరు, దగ్గరికి వెళ్ళాను. మన కంటే చిన్నమ్మాయే, కానీ ఏం డాక్టరమ్మరా బాబూ! నేను ఫిల్మ్ కవరు ముందు పెడితే దాన్ని పక్కకి జరిపి, “అది తర్వాత చూద్దాం, ముందు మీరు చెప్పండి” అంది. పొద్దున్న లేవగానే ఎలా ఉంటుంది? ఒళ్ళు సాగడానికి అరగంట దాటుతుందా? కూర్చుంటే ఎక్కువా, నడిస్తే ఎక్కువా? తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తుందా? నేను అలిపిరి మెట్ల సంగతి చెప్పాను. 3,550 మెట్లెక్కితే నడుం హాయిగా ఉంది, తిరుగు ప్రయాణం బస్సులో పడుకుంటే ప్రాణం పోయింది అని. ఆవిడ పెన్ను కింద పెట్టి, “ఇదే నాక్కావాల్సింది” అంది.

తర్వాత అడిగింది చూడు, “పిరుదుల్లో నొప్పి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వస్తుందా?” అని. పక్కన అమ్మ కూర్చుంది! ఏం చెప్పను? తలూపాను. ఆఖర్న “కన్ను ఎప్పుడైనా ఎర్రబడి, వెలుతురు చూడలేకపోయారా?” అనేసరికి నా నోట మాట రాలేదు. నీ పెళ్ళి పందిరి మొత్తం కళ్ళముందు తిరిగింది.

అప్పుడు పాత ఫిల్మ్ పైకెత్తి చూసి ఒక మాట చెప్పింది. డిస్కులు కాస్త ఉబ్బడం ఏ నొప్పీ లేనివాళ్ళలోనూ కనిపిస్తుందట. దాన్నే నొప్పికి కారణమని కట్టెయ్యలేమట. పైగా ఆ స్కానింగు వెన్నుపూసల కోసం తీసింది. వెన్ను కింద త్రికాస్థి ఉంటుంది కదా, అది రెండు పక్కలా తుంటి ఎముకలతో కలిసే చోటుని ఎస్ఐ జాయింట్ అంటారు. నా నొప్పి పుట్టేది అక్కడ. పాత ఫిల్మ్‌లో ఆ చోటు సరిగ్గా పడనే లేదురా! అంత డబ్బు పోసి అన్నాళ్ళు దాచుకున్న ఫిల్మ్ పక్కింటి ఫొటో అన్నమాట. అప్పుడెవరూ ఈ ప్రశ్నలు అడగలేదని తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, సర్లే, పోనీ.

ఎక్స్‌రే తీస్తే చాలదా అన్నాను, ఖర్చు భయం. తీయించింది కూడా, శుభ్రంగా ఉంది. ఎక్స్‌రేలో కనబడాలంటే ఎముక అంచు పాడవ్వాలి, దానికి ఏళ్ళు పడుతుందట. 1984 నాటి న్యూయార్క్ ప్రమాణాల ప్రకారం ఎక్స్‌రేలో ఆ మార్పు కనిపిస్తేనే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను బిగుసుకుపోయే వాతం, అనేవాళ్ళు. 2009లో అంతర్జాతీయంగా కొత్త ప్రమాణాలు వచ్చాక ఎంఆర్ఐలో కనబడే వాపునీ లెక్కలోకి తీసుకుంటున్నారు. చీటీ మీద ‘ఎస్ఐ జాయింట్స్, స్టిర్, టీ1’ అని (చివరి రెండూ ఎంఆర్ఐ బొమ్మ తీసే పద్ధతులు) రాసి, కింద గీత గీసి మరీ ఇచ్చింది.

ఇక స్కానింగు సెంటరు. టెక్నీషియన్ కుర్రాడు “అన్నా, మొలతాడు తీసెయ్యాలి” అన్నాడు. దానికి నాయనమ్మ కట్టిన వెండి తాయెత్తు ఉంది కదా, నువ్వు ఏ కాలవ గట్టు మీద దాన్ని చూసి ఏం కూశావో ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది. మా ఆవిడ దాన్ని జేబురుమాల్లో చుట్టి గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. లోపల అయస్కాంతం 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. చెవుల్లో దూది పెట్టి తోశాడు. అబ్బ ఆ మోత! మన మిల్లులో జల్లెడ అదిరినట్టే. తీగచుట్టల్లో కరెంటు గబగబా మారుతుంటే అవి అదిరి అలా మోగుతాయట. కదలకూడదని చెప్పారు కదా, సరిగ్గా అప్పుడే ముక్కు మీద దురద. ఎవర్ని తలుచుకుని ఓర్చుకున్నానో చెప్పు? చారి మాస్టారి బెత్తాన్ని!

బయటికొచ్చి రిపోర్టు కోసం కూర్చుంటే రేడియాలజిస్టు లోపలికి పిలిచారు. పెద్దాయన, ఓపిక మనిషి. ముందు నన్నే ప్రశ్నలు వేశారు. రోజూ పరిగెడతారా? బరువుల పనా? ఎప్పుడైనా పడ్డారా? జ్వరం వస్తోందా? టీబీ ఉందా ఇంట్లో ఎవరికైనా? నాకెందుకో భయమేసింది. ఆయన నవ్వి స్క్రీను నా వైపు తిప్పారు.

నలుపు, బూడిద రంగుల్లో ఎముకలు. వాటి మధ్య సన్నటి గీత, అదే జాయింటు. ఆ గీతకి ఆనుకుని రెండువైపులా తెల్లగా మరకలు. స్టిర్ పద్ధతిలో కొవ్వు నుంచి వచ్చే వెలుగుని అణిచేస్తారట, అప్పుడు నీరు చేరిన చోటు ఒక్కటే తెల్లగా తేలుతుంది. ఆ తెలుపే మజ్జలో వాపు, అంటే ఇప్పుడు రగులుతున్న మంట. టీ1లో కొవ్వే తెల్లగా ఉంటుంది. అందులో జాయింటు అంచు అక్కడక్కడ కొరికినట్టుంది, పక్కన కొవ్వు పేరుకున్న చోట్లున్నాయి. అవి పాత మంటలు చల్లారిన గుర్తులట. చెక్క మంచం రోజులవేమో! రంగు మందు ఎక్కించాల్సిన పనే లేకపోయింది. త్రికాస్థి ఏటవాలుగా ఉంటుంది కాబట్టి దాని వాలుకి సమంగా ముక్కలు ముక్కలుగా బొమ్మలు తియ్యాలట, అందుకే డాక్టరమ్మ గీత గీసి మరీ రాసింది.

నేను ఎగిరి గంతేసి “అయితే ఖాయమేనా సార్?” అంటే ఆయన తల అడ్డంగా ఊపారు. పరుగు పందెగాళ్ళలో, మిలిటరీలో కొత్తగా చేరినవాళ్ళలో, కాన్పయిన ఆడవాళ్ళలో కూడా అక్కడ కాస్త తెలుపు కనబడుతుందట. ఒక్క ముక్కలో ఒక్క చుక్క కనిపిస్తే చాలదు, పక్క ముక్కలోనూ ఉండాలి, లేదా ఒకటికి మించి చోట్ల ఉండాలి. మన దేశంలో టీబీ కూడా ఆ జాయింటులో దూరుతుంది, అది మామూలుగా ఒకవైపే ఉంటుంది. నాకు రెండువైపులా ఉంది. “బొమ్మ నేనిచ్చాను, జబ్బు పేరు మీ డాక్టరుగారు చెప్తారు” అన్నారు. నాకు ఆయన భలే నచ్చేశారు.

డాక్టరమ్మ అన్నీ కలిపి చూసింది. ఒంట్లో వాపుని పట్టిచ్చే రక్తపరీక్ష సీఆర్‌పీ మామూలుగానే ఉంది, అలా ఉన్నా జబ్బు ఉండొచ్చంది. ఈ జబ్బుతో సంబంధమున్న జన్యువు హెచ్ఎల్ఏ-బి27 పాజిటివ్. అది ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఈ జబ్బు రానే రాదట, అందుకని చిన్నాడి గురించి బెంగ వద్దని తనే చెప్పింది, నేను అడక్కముందే. యాక్సియల్ స్పాండిలో ఆర్థరైటిస్, అంటే వెన్నుకీ ఎస్ఐ జాయింట్లకీ వచ్చే వాతం, అని పేరు రాసింది. పేరు తెలిసినందుకు ఇంత సంతోషపడతారా ఎవరైనా? నేను పడ్డాను.

కానీ రాంబాబూ, బస్సులో తిరిగొస్తుంటే సూరయ్య మామ గుర్తొచ్చాడురా. తల ఎత్తలేక, పక్కకి చూడాలంటే మనిషంతా తిరిగేవాడు కదా. ధాన్యం బస్తాలు మోసి అలా అయిపోయాడని అందరం అనేవాళ్ళం. మనం వెనకాల నడుస్తూ ఆయన నడక... వద్దులే. ఆయన కన్ను కూడా తరచూ ఎర్రగా ఉండేదని అమ్మ నిన్న రాత్రి చెప్పింది. చెప్పి లోపలికెళ్ళిపోయింది.

ఇప్పుడు మందులా? నొప్పి మాత్రలు పూర్తి మోతాదులో, రోజూ వ్యాయామం. బెల్టు అటకెక్కింది. వీటితో లొంగకపోతే ఆ మంటని అణిచే బయలాజిక్ ఇంజెక్షన్లున్నాయట, అవి మొదలెట్టే ముందు టీబీ పరీక్ష తప్పదు. సిగరెట్టు మానమంది, మానేశాను, నువ్వు పందెం కట్టిన డబ్బు పంపించు. పొద్దున్న మోకాళ్ళ మీద వంగి వీపు పైకీ కిందకీ ఆడించే వ్యాయామం చేస్తుంటే చిన్నాడు వీపెక్కి కూర్చుంటున్నాడు.

అన్నట్టు, మీ అన్నయ్య నడుం పట్టేస్తోందని ఆ మధ్య రాశావు. పొద్దున్నా, సాయంత్రమా, ఎప్పుడెక్కువో అడుగు. నొప్పి ఏ వయసులో మొదలైందో కూడా కనుక్కో. 45 లోపయితే ఈ జబ్బేమోనని చూడాలట. కళ్ళ సంగతి కూడా... ఇదిగో, మా ఆవిడ బండి తియ్యమంటోంది, వాళ్ళ పిన్నిగారింట్లో సీమంతం, ఇప్పటికే ఆలస్యమైంది. పందెం డబ్బు మర్చిపోకు.

నీ
శీను