ముప్పై నాలుగు వేల జీతానికి ట్రావెల్ కార్డు ఎట్లా వస్తుందో నన్ను అడగండి ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ మా ఇంట్లో ఇరవై ఏళ్ల నుంచి వేయించుకుంటా ఉన్నాం, ఎప్పుడూ ఉత్తరం రాసింది లేదు. కానీ ఈ మధ్య ఆదివారం పేజీల్లో ట్రావెల్ కార్డు అనే రకం క్రెడిట్ కార్డు ఉంటే ఫ్రీగా ఫ్లైట్ ఎక్కొచ్చు, ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లో కూర్చుని కడుపునిండా తినొచ్చు అని వస్తా ఉంటే చదివి ఊరుకోలేకపోతున్నా. రాసింది అబద్ధం అనను. నెలకి ఎంత జీతం ఉంటే ఆ కార్డు ఇస్తారు, ఏడాదికి ఎంత గీకితే ఆ ఫ్రీ మనదాకా వస్తుంది, ఈ రెండు ముక్కలే ఎక్కడా కనపడవు. అవి తెలీక నేను రెండేళ్లు తిరిగినా, అందుకే రాస్తున్నా.

నేను తిరుపతిలో ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో అకౌంట్స్ చూస్తా. చేతికొచ్చేది 34,000. మా ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, సీజన్‌ని బట్టి ఏడెనిమిది వేలు వస్తాయి, ఆ డబ్బుకి ఏ బ్యాంకు ఫారంలోనూ గడి లేదు. అమ్మాయిని సింగపూర్‌లో పని చేసే అబ్బాయికి ఇచ్చినాం. దాని కాన్పుకి మొదటిసారి పోయినప్పుడు చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో, మాకు అదే దగ్గర కదా, మా అల్లుడి ఫ్రెండ్ అదే ఫ్లైట్‌కి వచ్చినాడు. ఆ పిల్లోడు కార్డు చూపించి 2 రూపాయలు గీకి లాంజ్‌లోకి పోయినాడు, మేము బయట రెండు కాఫీలు ఒక దోసె తీసుకుంటే బిల్లు ఆరు వందలు దాటింది. ఆ రోజు నుంచి నా బుర్రలో పురుగు తొలవడం మొదలయింది.

లాంజ్ సంగతి పక్కన పెట్టండి, అసలు దెబ్బ ఇంటికొచ్చినాక తెలిసింది. అక్కడ పాపకి ఉయ్యాల, మందులు, సామాన్లు అని నా కార్డు మీద 60,000 దాకా పెట్టినా. స్టేట్‌మెంట్ తీస్తే మార్కప్ అని, అంటే వేరే దేశం డబ్బులో గీకినందుకు బ్యాంకు పట్టుకునేది, 3.5 శాతం, అంటే 2,100, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ 378, మొత్తం 2,478 ఊరికే పోయినాయి. ట్రావెల్ కార్డుల్లో కొన్నిటికి ఈ మార్కప్ 2 శాతమే, కొన్నిటికి అసలు ఉండదు. ఏడాదికొకసారి మనవరాలిని చూసేదానికి పోవాల్సిందే కాబట్టి ఒక మంచి ట్రావెల్ కార్డు ఉంటే బాగుంటుంది అనుకున్నా. ఆశ తప్పు కాదు కదా సార్.

మా ఊళ్లో ఒక షాపింగ్ కాంప్లెక్స్‌లో టేబుల్ వేసుకుని టై కట్టుకున్న కుర్రోడు నిలబడి ఉంటే పోయి అడిగినా. "సార్ మీకు హండ్రెడ్ పర్సెంట్ వస్తుంది, ఒక ఓటీపీ చెప్పండి చాలు" అన్నాడు, జీతం ఎంత అని కూడా గట్టిగా అడగలా. చెప్పినా. వారానికి రిజెక్ట్ అని మెసేజ్. ఆ కుర్రోడే ఇంకో బ్యాంకు ఫ్రెండ్‌ని పంపించినాడు, ఆడా రిజెక్ట్, రోషం వచ్చి మూడోది నేనే ఫోన్‌లో అప్లై చేసినా, అదీ పోయింది. ఇరవై రోజుల్లో మూడు. తర్వాత చూసుకుంటే 771 ఉండే సిబిల్ స్కోరు, అంటే మనం అప్పులు తీర్చే తీరుకి వేసే మార్కు, 748కి దిగింది, ఎందుకంటే అప్లై చేసిన ప్రతిసారీ బ్యాంకు మన రిపోర్ట్ తీస్తుంది, ఆ తీసిన గుర్తు రిపోర్ట్‌లో పడుతుంది, వరసగా మూడు పడితే ఈ మనిషికి డబ్బు అర్జెంటుగా ఉందేమో అని వాళ్ల అనుమానం. మనంతట మనం చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు, సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు కంపెనీలు ఉన్నాయి, ఒక్కోటి ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాల్సిందే. చూస్తే స్కోరు పోతుందని భయపడి చూసుకోని వాళ్లు మా స్టాఫ్ రూంలోనే సగం మంది.

ఎందుకు రిజెక్ట్ చేసినారో రాసివ్వమని మెయిల్ పెడితే "బ్యాంకు అంతర్గత పాలసీ ప్రకారం" అని ఒక లైను వచ్చింది. 2022లో ఆర్బీఐ క్రెడిట్ కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల్లో దరఖాస్తు తిరస్కరిస్తే ఫలానా కారణం అని రాతపూర్వకంగా చెప్పాలని ఉంది. అంతర్గత పాలసీ అనేది కారణం ఎట్లా అవుతుంది, మా కాలేజీలో ఫీజు రసీదు అడిగితే అంతర్గత పాలసీ అంటే పేరెంట్స్ ఊరుకుంటారా.

అప్పుడు మా కాలేజీలో చదివిన పిల్లోడు ఒకడు బ్యాంకులో చేస్తా ఉంటే వాడి దగ్గరికి పోయినా. వాడు కాఫీ తెప్పించి, "సార్, ఆ రకం కార్డులకి నెలకి లక్ష జీతం, లేకపోతే పన్నెండు లక్షల ఆదాయం చూపించే ఐటీఆర్, అంటే ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్, అడుగుతారు, మీరు నేరుగా మూడో అంతస్తుకి ఎగరాలని చూసినారు" అన్నాడు. మరేం చేయాలి నాయనా అంటే, "ఫిక్స్‌డ్ డిపాజిట్, అదే ఎఫ్‌డీ, పెట్టి దాని మీద కార్డు తీసుకోండి సార్, ఎఫ్‌డీకి జీతం అడగరు" అన్నాడు.

ఆ టేబుల్ కుర్రోడు మధ్యలో ఒకసారి ఇంకో దారి చెప్పినాడు, అదీ చెప్పాలి మీకు. "ఐటీఆర్ పెద్దది వేయిద్దాం సార్, పదకొండు లక్షలు చూపించినా కొత్త పద్ధతిలో ట్యాక్స్ పడదు కదా" అని. 12 లక్షల ఆదాయం దాకా రిబేట్, అంటే ట్యాక్స్ మాఫీ, వచ్చినాక ఈ ఐడియా చాలామందికి పుట్టింది. రాని ఆదాయం వచ్చిందని డిక్లరేషన్ మీద సంతకం పెట్టడం నేరం అని అకౌంట్లు రాసే నాకు ఎవరో చెప్పాల్సిన పని లేదు, పైగా కాలేజీ వాళ్లు జీతం చూపించి ఇచ్చే ఫారం 16లో ఒకటి, ఐటీఆర్‌లో ఒకటి ఉంటే రేపు నోటీసు వచ్చేది నాకు, ఆ కుర్రోడికి కాదు. వద్దు నాయనా అని లేచి వచ్చేసినా.

సరే, మా ఆవిడ చీటీ పాడిన డబ్బులో లక్షన్నర ఎఫ్‌డీ వేసినాం. దాని మీద కార్డు ఇచ్చినారు, లిమిట్ 90 శాతం, అంటే 1,35,000. ఎఫ్‌డీ మీద వడ్డీ మనకి వస్తానే ఉంటుంది, కట్టకపోతే మాత్రం ఆ ఎఫ్‌డీలోంచే పట్టుకుంటారు. గ్యాస్, కరెంట్ బిల్లు, చిన్నోడి ఫీజు, స్కూటర్ పెట్రోలు, ఎల్ఐసీ, ఏది కట్టినా దాని మీదే కట్టి, బిల్లు వచ్చిన రోజే మొత్తం కట్టేసేవాడిని. లిమిట్‌లో ముప్పై శాతం దాటకుండా చూసుకున్నా, నలభై వేలు దగ్గరికి వస్తా ఉంటే బిల్లు రాకముందే కొంచెం కట్టేసేది. ఇదంతా పెద్ద విద్య ఏం కాదు, అప్పు తీసుకోనివాడు అప్పు తీర్చగలడని నిరూపించే తతంగం. పది నెలలకి స్కోరు 780 దాటింది. అదే బ్యాంకు తనంతట తానే ఎఫ్‌డీ అక్కర్లేని మామూలు కార్డు ఇచ్చింది. ఆ కార్డు లిమిట్ చూపించి ఇంకో బ్యాంకులో తీసుకున్నా, కార్డు మీద కార్డు అంటారు దీన్ని, అక్కడ జీతం స్లిప్పు కూడా అడగలా, పాత కార్డు లిమిట్, కట్టిన తీరు చూసి ఇచ్చేసినారు. మొదట మొహం మీద తలుపేసిన బ్యాంకే ఇప్పుడు యాప్‌లో "మీరు ఎంపికయ్యారు" అని ప్రీమియం ట్రావెల్ కార్డు ఆఫర్ పెట్టింది. మొత్తం రెండేళ్లు పట్టింది, నా జీతం మాత్రం ఆ రెండేళ్లలో పదిహేను వందలు పెరిగింది.

అంటే నా ఉద్దేశం ఏంటంటే జీతం తక్కువైతే ప్రీమియం కార్డు రాదు అనేది తప్పు, వస్తుంది. మా బంగారుపాళ్యం తోటలో తోతాపురి పండించే మా తోడల్లుడికి కూడా ఇదే దారి చెప్పినా, ఆయనకి డబ్బు జూన్ జులైలో ఒక్కసారి వస్తుంది, నెల జీతం లేదు, వ్యవసాయం మీద ట్యాక్స్ లేదు కాబట్టి ఐటీఆర్ కూడా లేదు, ఏ బ్యాంకు ఫారంలోనూ ఆయన మనిషి కిందే లెక్క రాడు. ఎఫ్‌డీ కార్డు ఒక్కటే ఆయన్ని ఎవరు నువ్వు అని అడగదు.

వచ్చినాక సంగతి వేరే. ఆ ఆఫర్ కార్డు ఫీజు ఏడాదికి 5,000, జీఎస్టీతో 5,900. నేను ఏడాదికి కార్డు మీద పెట్టేది తిప్పి తిప్పి రెండు లక్షల నలభై వేలు. గీకినదానికి పాయింట్లు ఇస్తారు, ఆ ఫ్రీ టికెట్లు వచ్చేది వాటితోనే, కానీ పెట్రోలు, ఇన్సూరెన్స్ లాంటి వాటికి పాయింట్లు ఇవ్వరని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అవి తీసేసి, నూటికి రెండు రూపాయల విలువ వచ్చిందనుకున్నా మూడు వేల ఆరొందలో ఎంతో. ఫీజు మాఫీ కావాలంటే ఇంకా చాలా లక్షలు గీకాలి, ఏడాదిలో ఇంత గీకితే పెద్ద పాయింట్లు అని పెట్టిన మైలురాళ్లు అంతకంటే దూరం. అకౌంటెంట్‌ని కాబట్టి కాగితం మీద వేసి చూసినా, నాకు ఆ కార్డు ఏడాదికి రెండు వేల పైన నష్టం. సింగపూర్‌లో ఆ 60,000 మీద మార్కప్ 3.5కి బదులు 2 శాతమే పడితే జీఎస్టీతో కలిపి మిగిలేది 1,062, అది కలిపినా గట్టెక్కదు. తీసుకోలా.

స్టాఫ్‌లో ఒకాయన తీసుకున్నాడు. ఖర్చు పెంచాలని అందరి ఫోన్లు, ఫ్రిజ్‌లు ఆయన కార్డు మీద కొనిచ్చి డబ్బులు తర్వాత తీసుకునేవాడు. అట్లా కొనిపించుకున్న ఒకాయన రెండు నెలలు డబ్బు ఇవ్వకుండా తిప్పినాడు. కార్డు ఉన్న ఈయన మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమని చూపించే చిన్న మొత్తం, కడితే చాలనుకున్నాడు. 50,000 మిగిలిపోతే నెలకి 3.75 శాతం అంటే 1,875 వడ్డీ, దాని మీద జీఎస్టీ 337.50, మొత్తం 2,212.50. పాతది పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ, నలభై అయిదు రోజుల గడువు అనేది ఉండదు. మూడు నెలల్లో ఆయన ఫ్రీ ఫ్లైట్ టికెట్ ఎగిరిపోయింది. ఇట్లా ఊరందరి ఖర్చు తిప్పేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి, ఏడాదిలో కార్డు బిల్లు 10 లక్షలు దాటి కడితే, లేదా నగదుగా లక్ష కడితే, ఆ వివరం ఇన్‌కం ట్యాక్స్ వాళ్లకి పోతుంది. నాలుగు లక్షల జీతగాడు పది లక్షలు ఎట్లా గీకినాడు అని అడిగితే ఫ్రిజ్‌ల కథ చెప్పుకోవాలి.

నేను మాత్రం ఏడాది ఫీజు లేని, మార్కప్ తక్కువ ఉండే మామూలు కార్డు ఒకటి తీసుకున్నా, మూడు నెలలకి ఒక లాంజ్ ఉచితం అని ఉండింది. మొన్న జనవరిలో మళ్లీ సింగపూర్ పోయేటప్పుడు, లాంజ్ ఎట్లా ఉంటుందో ఈసారి చూసొస్తాలే అని మా ఆవిడకి చెప్పి కౌంటర్ దాకా పోయినా. కౌంటర్‌లో అమ్మాయి గీకి, "సారీ సార్, ముందు మూడు నెలల్లో మీ ఖర్చు సరిపోలేదు" అనింది. ఈ రూలు మధ్యలో మార్చినారంట, ఇంగ్లీషు మెయిల్ ఒకటి వచ్చిందంట. ఇప్పుడు చాలా కార్డులకి ఇదే పద్ధతి, ముందు క్వార్టర్‌లో ఇంత గీకితేనే ఈ క్వార్టర్‌లో లాంజ్.

ఇంగ్లీషు మెయిల్ అన్నాను కదా, నా గొడవంతా అక్కడే ఉంది. షరతులు తేలిక భాషలో ఉండాలి, వీలైతే ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషలో ఉండాలి అని ఆర్బీఐ చెప్పింది. ఆ "వీలైతే" అన్న మాట పట్టుకుని ఎవరికీ వీలు కావడం లేదు. తెలుగులో కార్డు అమ్మేదానికి వీలవుతుంది, తెలుగులో ఓటీపీ అడిగేదానికి వీలవుతుంది. ఓటీపీ అడగకముందే ఈ కార్డుకి ఇంత జీతం ఉండాలి, ఇంత గీకాలి, ఇది ఏడాదికి ఇంత ఫీజు అని తెలుగులో ఒక్క కాగితం చేతికి ఇస్తే నా లాంటి వాళ్ల స్కోరు ఊరికే పోదు కదా. మీరు కూడా ఆ ఆర్టికల్స్ వేసేటప్పుడు ఆ రెండు అంకెలు హెడ్డింగ్ కిందే వేయండి, ఎక్కడో అడుగున కాదు.

ఎవరికైనా అడగని కార్డు వచ్చినా, వద్దని రాసినాక ఏడు పనిదినాల్లో మూసేయకపోయినా (బాకీ లేకపోతే రోజుకి 500 మీకే ఇవ్వాలి), ముందు బ్యాంకుకి రాసి, ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే 14448కి ఫోన్ చేయండి, ఆర్బీఐ వాళ్లది, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు ఎట్లా పెట్టాలో చెప్తారు, పైసా ఖర్చు లేదు. ఈ ముక్క మాత్రం కట్ చేయకుండా వేయండి.

ఆ రోజు లాంజ్ బయట కుర్చీల్లో కూర్చుని మా ఆవిడ బ్యాగులోంచి పులిహోర డబ్బా తీసింది. ఆమెకి మొదటి నుంచి నా కార్డు మీద నమ్మకం లేదంట.

ఇట్లు,
ఒక ప్రైవేట్ కాలేజీ అకౌంటెంట్, తిరుపతి
(పేరు వేయొద్దు సార్, జీతం అంకె రాసినా కదా, మా మేనేజ్‌మెంట్ కూడా మీ పేపరే చదువుతుంది)