మా నాన్నగారికి తోడు నిలిచిన సంఘాలకూ, స్నేహితులకూ కృతజ్ఞతలు

పర్లాకిమిడి, కాశీనగరం, ఉప్పలాడ, గుణుపురం సంఘాల విశ్వాసులకూ, గుమ్మ, సెరంగో కొండల మీది సవర సహోదర సహోదరీలకూ, ఒడిశా సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నంలోనూ విశాఖపట్నంలోనూ మమ్మల్ని సొంతవారిలా చూసుకున్న వారందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు. సువార్తికుడైన మా నాన్నగారికి గుండె శస్త్రచికిత్స జరిగి, ఆయన క్షేమంగా ఇల్లు చేరిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పుకోవాలని అమ్మా నేనూ ప్రయత్నిస్తున్నాము గాని, సహాయం చేసినవారిలో మాకు ముఖపరిచయం కూడా లేనివారు ఎందరో ఉన్నారు. అందుచేత ఈ మాటలు అందరూ చదివేలా రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని పలువురు ప్రత్యేకంగా కోరారు గనుక, చేసిన మేలును మాత్రమే చెబుతాను.

గుమ్మలో సాయంకాల కూడిక ముగించి గుమ్మం దాటుతుండగా నాన్నగారికి ఛాతీ పట్టేసి, ఎడమ చెయ్యి లాగి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. అది తిన్నది అరగక వచ్చిన నొప్పేమోనని ఆయన అంటున్నా వినకుండా, అక్కడి యువకులు అప్పటికప్పుడు జీపు మాట్లాడి, చీకట్లో ఘాటు దించి పర్లాకిమిడి ఆసుపత్రికి చేర్చారు. ఈసీజీ తీసిన వైద్యుడు యాస్పిరిన్ మాత్ర నమిలించి, ఆలస్యం చేయకుండా విశాఖపట్నం తీసుకువెళ్లమని చెప్పారు. రక్తం అందని గుండె కండరం గంట గంటకూ దెబ్బతింటూ పోతుందని, ఆ యువకులు తెల్లవారేదాకా ఆగి ఉంటే శస్త్రచికిత్స చేసే అవకాశమే ఉండేది కాదేమోనని తరువాత మాకు వివరించారు. యాంజియోగ్రాంలో మూడు రక్తనాళాలు పూడుకుపోయాయని తేలింది. కాలి నుండి తీసిన రక్తనాళంతో బైపాస్ చేశారు. వైద్యం గురించి ఇంతకన్నా రాయవలసినది లేదు. రాయవలసినది ఆ ఆపరేషను చుట్టూ నిలబడిన మనుషుల గురించి.

రక్తం కావాలని కబురు వెళ్లిన సాయంత్రమే విశాఖపట్నంలో చదువుకుంటున్న మన ప్రాంతపు విద్యార్థులు, తెలుగువారూ ఒడియావారూ కలిసి, ఆసుపత్రికి వచ్చారు. నాన్నగారి పాత వైద్యపు చీటీలూ, రాయితీకి కావలసిన ధ్రువపత్రాలూ సగం ఒడియాలో ఉండడంతో ఆసుపత్రి కార్యాలయంలో పని ఆగిపోయింది. అప్పుడు పర్లాకిమిడి నుండి వచ్చి విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పెద్దమనిషి సెలవు పెట్టి, బల్ల బల్లకూ తిరిగి, ప్రతి కాగితాన్నీ చదివి వినిపించి, కావలసిన సంతకాలు పెట్టించారు. ఆయన క్రైస్తవుడు కాడు, మా బంధువూ కాడు. వారి అమ్మగారు మంచాన పడి ఉన్న కాలంలో నాన్నగారు ఆ వీధికి వెళ్లినప్పుడల్లా లోపలికి వెళ్లి ఆమె పక్కన కాసేపు కూర్చునేవారట. ఈ సంగతి నాన్నగారు ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. నేను ఆ పెద్దమనిషి నోటనే మొదటిసారి విన్నాను.

స్త్రీల సమాజం అక్కలు వంట చేసే ముందు తీసి దాచిన గుప్పెడు బియ్యం అమ్మగా వచ్చిన సొమ్మును గుడ్డలో మూటగట్టి పంపారు. సెరంగో నుండి జీడిపప్పు, చింతపండు, పసుపు వచ్చాయి. వాటిని ఏం చేయాలో తోచక అమ్మ ఏడ్చింది, ఎందుకంటే ఆ ఇళ్లలో జీడిపప్పు పిల్లలకు పెట్టుకునే తిండి కాదు. సంతలో అమ్మి ఉప్పూ బట్టా కొనుక్కునే ఆధారం. పాతపట్నం సంఘం వారు మాకు భోజనం పంపిన రోజులు ఉన్నాయి, విశాఖలో ఒక కుటుంబం తమ ముందు గది ఖాళీ చేసి ఇచ్చింది. ఇక్కడ నాన్నగారి ప్రసంగ వేదిక ఒక్క ఆదివారమైనా ఖాళీగా ఉండలేదు. బాప్తిస్టు, లూథరన్, పెంతెకొస్తు సేవకులు తమలో తామే వంతులు వేసుకుని వాక్యం చెప్పారు. సిద్ధాంత విషయాలలో వీరి మధ్య భేదాలు చిన్నవి కావు. అయినప్పటికీ ఒక వృద్ధ సువార్తికుడి మందను కాయడానికి వారు ఒక్కటైన తీరు చూసినప్పుడు, సంఘ ఐక్యత గురించి వేదాంత తరగతిలో నేను విన్న పాఠాలన్నిటికన్నా ఎక్కువ నేర్చుకున్నానని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఆసుపత్రి వరండాలో గడిపిన ఆ దినాలలో నాకు మరొక మేలు జరిగింది. మీరు అది చేస్తున్నామని తెలియకుండానే చేశారు. దానికి కూడా కృతజ్ఞతలు చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది.

నాన్నగారు నలభై ఏళ్లకు పైగా ఈ సరిహద్దు గ్రామాలలో సువార్త ప్రకటించారు. మొదట సైకిలు మీద, తరువాత పాత మోటారు సైకిలు మీద, కొండల్లో కాలినడకన తిరిగారు. ఆయన సంచిలో తెలుగు బైబిలూ ఒడియా బైబిలూ రెండూ ఉండేవి. దారిలో ఎదురయ్యే మనిషి ఇంట్లో ఏ భాష మాట్లాడతాడో ఆ భాషలోనే దేవుని మాట చెప్పాలన్నది ఆయన పట్టుదల. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన సంగతిని తన దగ్గర సేవ నేర్చుకునే యువకులకు తరచుగా చెప్పేవారు. క్రైస్తవుడు కాని ఒక పంతులుగారు సవరల కోసం అంత శ్రమపడితే, వారి ఆత్మల కోసం వచ్చామని చెప్పుకునే మనం దుబాసీ చాటున నిలబడి ప్రసంగించడం తగునా అని అడిగేవారు. ఆయన సవర మాటలు తడబడేవి. అయినా తన పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుని పలకరించే బోధకుడి తడబాటును ఏ సవర తల్లీ తప్పు పట్టలేదు.

పాటల విషయంలో ఆయనకు పురుషోత్తమ చౌదరిగారంటే ప్రాణం. 1803లో మన పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, 1890లో పరమపదించే వరకూ సువార్తికుడిగానూ కీర్తనకారుడిగానూ జీవించిన ఆ మహనీయుడు మన మట్టిలో పుట్టినవాడని ప్రతి ఉజ్జీవ సభలోనూ జ్ఞాపకం చేసేవారు. ఆంధ్ర దేశమంతటా ఆదివారం నాడు పాడుకునే కీర్తనలలో ఎన్నో ఈ సరిహద్దు సీమ మనిషి కలం నుండి వచ్చినవే. నాన్నగారికి చక్కటి గొంతు లేదు. కానీ హార్మోనియం పెట్టె తెరిచి ఆ కీర్తనలలో ఒకటి ఎత్తుకుంటే రచ్చబండ దగ్గర కూర్చున్నవారు లేచి దగ్గరికి వచ్చేవారు.

ఇవన్నీ నేను చిన్నప్పటి నుండి చూసినవే. నేను చూడనివి మీరు ఆ వరండాలో చెప్పారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచెత్తి, కొండచరియలు విరిగిపడి ప్రాణాలు తీసినప్పుడు, నాన్నగారు మందిరం తలుపులు తెరిచి, ఏ మతమని అడగకుండా ఇళ్లు పోయిన కుటుంబాలకు చోటు ఇచ్చిన సంగతి నాకు తెలుసు. అయితే ఆ తరువాత నెలల తరబడి, రెవెన్యూ కార్యాలయంలో ఇవ్వవలసిన నష్టపరిహారం దరఖాస్తులు రాసి పెట్టడానికి ఆయన సంతరోజున చెట్టు కింద కూర్చునేవారని గుమ్మ నుండి వచ్చిన ఒక పెద్దాయన చెబితేనే నాకు తెలిసింది. మరొక తల్లి, ఇప్పుడు అంగన్‌వాడీలో పనిచేస్తున్న ఆమె, తనకు అక్షరాలు వచ్చింది నాన్నగారి వల్లనని చెప్పింది. రాత్రి కూడిక అయిపోయాక లాంతరు ఆర్పకుండా, మార్కు సువార్త తెరిచి, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివించేవారట. తాగుడు మాని కాపురం నిలబెట్టుకున్న ఒకాయన మాత్రం ఏమీ చెప్పలేదు. ఆయన రోజూ వచ్చి మెట్ల దగ్గర కూర్చుని, సాయంత్రం బండికి వెళ్లిపోయేవాడు.

ఈ సాక్ష్యాలు నాకు ఎందుకు అంత అవసరమయ్యాయో చెప్పాలి. నేను వేదాంత కళాశాలలో బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చివరి సంవత్సరంలో ఉన్నాను. సేవకుని బిడ్డ సేవకురాలు కావడం సహజమని చాలామంది అనుకుంటారు. పరిశుద్ధ గ్రంథం అలా అనుకోనివ్వదు. ఏలీ కుమారులైన హొఫ్నీ, ఫీనెహాసులు యాజకుని ఇంట పెరిగి యెహోవాను ఎరుగనివారయ్యారు. వారి పతనాన్ని కళ్లారా చూసిన సమూయేలు ఇంట సహితం యోవేలు, అబీయాలు లంచం పుచ్చుకుని తీర్పు తారుమారు చేశారు. తండ్రి ఎంతటి దైవజనుడైనా పిలుపును ఆస్తిలాగా బిడ్డకు రాసి ఇవ్వలేడు. నాన్నగారికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే నన్ను సేవకు రమ్మని ఒక్కసారి కూడా అడగలేదు. నేను బడిపంతులమ్మ ఉద్యోగంలో చేరినప్పుడు ప్రార్థన చేసి పంపారు. ఆ ఉద్యోగం మాని వేదాంతం చదువుతానన్నప్పుడు, ఏడాది ఆగి ఉపవాస ప్రార్థనలో కనిపెట్టుకుని ఉండమన్నారు. పౌలు తిమోతికి రాస్తూ అవ్వ లోయి, తల్లి యునీకేల నిష్కపటమైన విశ్వాసాన్ని గుర్తు చేసి, ఆ వెంటనే నీలో ఉన్న వరాన్ని నీవే ప్రజ్వలింపజేయాలని చెప్పిన వరుసను ఆయన నాకు చూపించారు. ఇంటివారి విశ్వాసం నిప్పు అందిస్తుంది, దాన్ని రగిలించుకోవలసిన బాధ్యత బిడ్డదే అన్నది దాని భావంగా నేను గ్రహించాను.

ఆడపిల్లను వాక్యపరిచర్యకు పంపడం ఏమిటని కొందరు పెద్దలు ఆయనను అడిగారు. వారి మీద నాకు కోపం లేదు, వారు నా మేలు కోరే అడిగారు. నాన్నగారు వాదించలేదు. అపొల్లోకు దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరచినవారిలో ప్రిస్కిల్ల ఉన్నదని, కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను చేర్చుకొమ్మని పౌలే రోమీయులకు రాశాడని, పునరుత్థాన వార్తను మొదట మోసుకువెళ్లినది స్త్రీలేనని చెప్పి, ఆ వాక్యభాగాలు మీరే చదివి ప్రార్థించి నాకు చెప్పండి అన్నారు. ఆ పెద్దలలో ఒకరు ఆసుపత్రికి వచ్చి, నాన్నగారి మంచం పక్కన నన్ను ప్రార్థన చేయమని తామే కోరారు.

శస్త్రచికిత్సకు ముందు రోజు సాయంత్రం నాన్నగారు నాతో మాట్లాడినది కూడా సేవ గురించే. లండన్ మిషనరీ సొసైటీ సేవకులైన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో అడుగుపెట్టినది ఈ విశాఖపట్నంలోనేనని, ఆనందరాయర్ సహాయంతో ఇక్కడ తెలుగులోకి వచ్చిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని సెరంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు మిషనరీలూ జీవించి లేరని చెప్పారు. విత్తినవారు పంట చూడకపోవడం దేవుని పొలంలో కొత్త కాదని అన్నారు. ఆ మాటలో భయం లేదు. తాను తిరిగి లేవకపోయినా పని ఆగదన్న నిశ్చింత ఉంది. నా చదువుకు పట్టా ఇవ్వబోయేది ఆ సెరంపూర్ విశ్వవిద్యాలయమే అన్న సంగతి ఆయన మనసులో ఉందో లేదో నేను అడగలేదు. ఆ సాయంత్రం నా పిలుపు విషయంలో మిగిలి ఉన్న సంశయం తీరిపోయింది. నాన్నగారిలా కావాలన్న ఆశ వేరు, నాన్నగారిని పిలిచిన ప్రభువే నన్ను పిలుస్తున్నాడన్న నిశ్చయత వేరు. మొదటిది చిన్నప్పటి నుండి ఉంది. రెండవది మీ సాక్ష్యాల మధ్య, ఆయన మంచం పక్కన స్థిరపడింది.

నా పరీక్షల విషయంలో సర్దుబాటు చేసి, పాఠాల నోట్సు రాసి పంపిన అధ్యాపకులకూ, తోటి విద్యార్థులకూ కృతజ్ఞురాలిని. రాత్రింబగళ్లు సేవ చేసిన నర్సు చెల్లెళ్లకూ, వైద్యులకూ, ఆ రాత్రి బండి నడిపిన డ్రైవరు అన్నకూ మా కుటుంబం ఎప్పటికీ రుణపడి ఉంటుంది.

ఇప్పుడు నాన్నగారు ఇంట్లో నెమ్మదిగా నడుస్తున్నారు. కోసిన రొమ్ము ఎముక పూర్తిగా అతకడానికి రెండు మూడు నెలలు పడుతుందని, అంతవరకూ బరువు ఎత్తకూడదని, బండి నడపకూడదని, గొంతెత్తి ప్రసంగించకూడదని వైద్యులు చెప్పారు. చూడవచ్చేవారు సాయంత్రం నాలుగు గంటల తరువాత వస్తే ఆయనకు విశ్రాంతి దొరుకుతుంది. దయచేసి పండ్లూ కానుకలూ తేవద్దు. కీర్తనల పుస్తకం తెచ్చి ఒక కీర్తన పాడి వెళ్లండి, ఆయన అడుగుతున్నది అదొక్కటే.

చికిత్సకూ, మందులకూ, బసకూ అయిన ఖర్చు లెక్కలన్నీ పర్లాకిమిడి సంఘ కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి. ఎవరైనా అడిగి చూడవచ్చు. మిగిలిన సొమ్మును సంఘ పెద్దల అంగీకారంతో, గుమ్మ, సెరంగో వైపు నుండి రాత్రివేళ రోగులను పర్లాకిమిడి ఆసుపత్రికి దించే జీపుల కిరాయికి నిధిగా ఉంచాము. అవసరమైనవారు ఏ మతస్థులైనా గుమ్మ సంఘ పెద్దలను అడగవచ్చు. ఈ నిధికి నెలనెలా నా వంతు కలుపుతానని నాన్నగారికి మాట ఇచ్చాను.