విషయం: మీ పిక్సెల్ ఫాంట్‌లో పడవ కాస్తా వడవ అయింది, డబ్బు వాపసు ఇవ్వండి

కస్టమర్ సపోర్ట్ వారికి,

నమస్కారం. పాత వీడియో గేముల తరహాలో ఉండే మీ పిక్సెల్ ఫాంట్‌ని పోయిన నెల 2,400 రూపాయలు పెట్టి కొన్నాను. తెలుగు కూడా ఉందని మీ పేజీలో అంత పెద్దగా రాశారు కాబట్టే కొన్నాను, ఇంగ్లీషు వరకే అయితే ప్రెస్ స్టార్ట్ 2పీ లాంటి పిక్సెల్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

పిల్లలు తెలుగు చదవడం నేర్చుకోడానికి చిన్న మొబైల్ గేమ్ చేస్తున్నాను. మొన్న ఏడేళ్ల మా మేనకోడలికి ఫోన్ ఇచ్చి ఆడమంటే మొదటి స్క్రీన్ దగ్గరే ఆగిపోయి "అత్తా, వడవ అంటే ఏంటి?" అంది. నేను రాసింది పడవ. జూమ్ చేసి చూశాను. ప మీద తలకట్టుకీ కింది భాగానికీ మధ్య ఉండాల్సిన సందు ఒక్క పిక్సెల్, దాన్ని కూడా పూడ్చేశారు! థ లో చుక్క లేదు, కథ అని కొడితే కధ అని కనిపిస్తోంది. శాస్త్రి అని కొడితే స కింద త వత్తు సగానికి తెగిపోయింది, ర వత్తు అసలు రానే లేదు.

సైజు ఎనిమిదో ఎక్కంలో ఉండాలి, స్మూతింగ్ (అక్షరాల అంచుల్ని నునుపు చేసే సెట్టింగ్) తీసేయండి అని మీవాళ్లు జవాబు పంపారు. 16, 24, 32 అన్నీ పెట్టి చూశాను, స్మూతింగ్ మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉంది. అదే స్క్రీన్‌లో ఇంగ్లీషు అక్షరాలు శుభ్రంగా వస్తున్నాయి, కాబట్టి లోపం నా ఫోన్‌లో లేదు, మీరు గీసిన అక్షరాల్లో ఉంది.

1980లో పాక్‌మ్యాన్ గేమ్ వచ్చినప్పుడు స్క్రీన్ మీద రాతంతా 8×8 గళ్ల ముక్కలతోనే నడిచింది, ఇంగ్లీషు పెద్దక్షరం ఏదైనా అందులో హాయిగా పడుతుంది. తెలుగులో పైన గుడో ఏత్వమో, మధ్యలో అక్షరం, కింద వత్తు, ఒక్కోసారి రెండు వత్తులు. ఇదంతా మీలా ఎనిమిది వరసల్లో కుక్కితే ఏదో ఒకటి పోవాల్సిందే. ఉచితంగా ఇచ్చే గ్నూ యూనిఫాంట్ అనే పిక్సెల్ ఫాంట్‌లోనే తెలుగు అక్షరాలకి 16 వరసలు ఇచ్చారు, డబ్బు తీసుకునే మీరు ఆ మాత్రం చోటు ఇవ్వలేరా?

ఆ గళ్ల అక్షరాలంటే నాకు ప్రాణం, వాటిలో మన అఆలు చూడాలని చాలా ఆశపడ్డాను. అందుకే ఇంత బాధగా ఉంది, చదవడం నేర్చుకుంటున్న పిల్లల ముందు తప్పు అక్షరం పెట్టడం నావల్ల కాదు.

పది రోజుల్లో నా డబ్బు వాపసు ఇవ్వండి. బాగుచేసేదాకా మీ పేజీలో తెలుగు అన్న మాట తీసేయండి, ఇంకెవరూ ఇలా కొని ఇబ్బంది పడకూడదు. 16 వరసలతో మళ్లీ గీస్తామంటే చెప్పండి, దెబ్బతిన్న పదాలన్నీ రాసి పంపిస్తాను, కొత్తది వచ్చాక పరీక్షించి పెడతాను కూడా. స్క్రీన్‌షాట్లు, బిల్లు దీనితో జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్