జాతరకు వేసే ప్లాన్ మిర్చి సీజన్‌కూ వేయరాదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా వరంగల్‌కు ఏ పోలీసు కమిషనర్ వచ్చినా మొదట హెల్మెట్ గురించి, తాగి నడిపేవాళ్ల గురించి చెప్తారు. చెప్పాల్సిందే, కాదనను. కానీ ఆర్టీసీలో స్టీరింగ్ పట్టి రిటైరైన నేను వాళ్లను అడగాలనుకునేది వేరే ఉంది. మేడారం జాతరకు వేసే ట్రాఫిక్ ప్లాన్ లాంటిదే మిర్చి సీజన్‌లో మా ఊరి ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు కూడా వేయరాదా?

ఆ ప్లాన్ విలువ జాతర డ్యూటీ చేసినవాళ్లకు తెలుసు. మా బస్సులు తాడ్వాయి మీదుగా పోతాయి. ప్రైవేటు బండ్లను పస్రా, నార్లాపూర్ మీదుగా పంపిస్తారు. తిరుగు ప్రయాణంలో వాటిని బయ్యక్కపేట, భూపాలపల్లి, పరకాల వైపు తిప్పి గూడెప్పాడు దగ్గర మళ్లీ ములుగు రోడ్డెక్కిస్తారు. 2024 ఫిబ్రవరి జాతరే నా ఆఖరిది. అంత అడవిలో, లక్షల జనంలో బస్సు నడిపినా నాకు టెన్షన్ లేదు. జాతర లేని ఏడాది మార్చి నెలలో, తెల్లవారుజామున అదే ములుగు రోడ్డు మీద వస్తుంటే మాత్రం గుండె దడదడలాడేది.

మిర్చి రైతు రాత్రే ఊళ్లో బయల్దేరతాడు. పొద్దున బేరం టైముకు మార్కెట్‌లో ఉండాలి కదా. చాలా ట్రాక్టర్ ట్రాలీలకు వెనక ఎర్ర లైటు ఉండదు. ఉన్నా బస్తాల మీద కప్పిన పరదా దాన్ని మూసేస్తుంది. ఆ బస్తాల మీదే ఇద్దరు ముగ్గురు పడుకుని ఉంటారు. కొందరు వెనక ఒక పిల్లాణ్ణి కూర్చోబెట్టి బ్యాటరీ లైటు ఊపిస్తారు. వాడికి కునుకు పడితే అంతే సంగతి. ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్లలో కొడితే, ట్రాలీ మన బంపర్ ముందుకు వచ్చేదాకా కనబడదు.

ఆ రైతుకు చలాన్ రాసి లాభం లేదు. అసలు చలాన్ల సంగతి జనానికి తెలిసిపోయింది. 2022లో బైకుల మీద 75 శాతం తగ్గించారు, 2023 చివర్లో 80 శాతం. ఇప్పుడు చలాన్ పడ్డవాడు ఆషాఢం సేల్ కోసం చూసినట్టు మళ్లీ తగ్గింపు ఎప్పుడా అని చూస్తున్నాడు.

గూడెప్పాడు క్రాస్ దగ్గర రాత్రిపూట ఇద్దరు కానిస్టేబుళ్లను పెట్టి, లైటు లేని ట్రాలీని ఆపి, రిఫ్లెక్టర్ స్టిక్కర్ అతికించి పంపమనండి. ఐదు నిమిషాల పని. మార్కెట్‌కు లోడు బండ్లు ఒక దారిన రావాలి, ఖాళీ బండ్లు ఇంకో దారిన పోవాలి. కోల్డ్ స్టోరేజీలకు పోయే లారీలను బడి పిల్లల టైములో ఆపాలి.

2015లో కమిషనరేట్ వచ్చాక శాంతిభద్రతలు, ట్రాఫిక్ రెండూ ఒకే అధికారి చేతిలో ఉన్నాయి. కాబట్టి ఇదీ ఆయనకే చెప్పాలి: మంత్రి వచ్చినా, ధర్నా జరిగినా, నిమజ్జనమైనా బందోబస్తు కోసం చౌరస్తాలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను కదపొద్దు. రోడ్ల మీద జనం ఎక్కువయ్యేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

సరుకు ముమ్మరంగా రాకముందే, జనవరిలో, మార్కెట్ కమిటీని, హమాలీలను, ట్రాక్టర్ల వాళ్లను ఒక్కచోట కూర్చోబెట్టి మాట్లాడితే బాగుంటుంది. మాలాంటి రిటైర్డ్ డ్రైవర్లను పిలిస్తే ఏ మలుపులో ఏది కనబడదో దగ్గరుండి చూపిస్తాం. టీఏలు, డీఏలు ఏమీ అడగం.

– ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్,
వరంగల్