ఈ ఎండాకాలం మీ బోటు ఇంజన్లు దాచే పద్ధతి మారుస్తున్నాను

కర్నూలు షాపులో ఇంజన్లు పెట్టి వెళ్ళే అన్నలందరికీ నమస్కారం.

శ్రీశైలం వెనక నీళ్ళు దిగిపోతున్నాయి. సంగమేశ్వరం గుడి బయటపడిందంటే చాలామంది బోట్లు ఒడ్డుకెక్కినట్టే. మళ్ళీ కృష్ణకు వరద వచ్చేదాకా నాలుగైదు నెలలు ఇంజన్లు నా దగ్గరే ఉంటాయి. మీరు తెచ్చేముందే ఒక మాట చెప్పాలి.

పోయినేడు మీరు అప్పజెప్పిన 11 ఇంజన్లలో 7 వరద నాటికి స్టార్ట్ కాలేదు. పెట్రోలు మంచిది కాదేమో అని అప్పుడు మీతో అన్నాను. విప్పి చూస్తే తప్పు నాదే. కొందరికి నాలుగు రోజుల వేట పోయింది. క్షమించండి.

జరిగింది ఇది. పెట్రోలు పైపు పీకి ఇంజను ఆగేదాకా నడిపాను, కార్బురేటర్ ఖాళీ అయిందనుకున్నాను. కానీ దాని గిన్నె అడుగున చెంచాడు పెట్రోలు అలాగే ఉండిపోతుంది. మన ఎండకు అది ఆరి బంకయింది, పెట్రోలు లోపలికి వెళ్ళే సూది మొనంత జెట్ రంధ్రాన్ని పూడ్చేసింది. ఈసారి గిన్నె కింది స్క్రూ విప్పి చివరి చుక్క దాకా దించుతాను.

ట్యాంకులో మిగిలిన పెట్రోలు కూడా దాచొద్దు, వాడేసుకోండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని తేమను లాగుతుంది. తేమ ఎక్కువైతే నీళ్ళు, ఇథనాల్ విడిపోయి అడుక్కి చేరతాయి. టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ పెట్రోలులోనే కలిసి వస్తుంది కదా, ఆ అడుగు ద్రవాన్నే పీల్చుకుంటే దానికి ఆయిల్ అందదు, పిస్టన్ పట్టేస్తుంది.

ఇంకొకటి గేరాయిల్. మంచు పడే దేశాల్లో గేరు పెట్టెలోకి దూరిన నీళ్ళు గడ్డకట్టి పెట్టెనే పగలగొడతాయి. మనకా బాధ లేదు, కానీ నెలల తరబడి నీళ్ళు నిలిస్తే బేరింగులు తుప్పు పడతాయి. అందుకే దించిన ఆయిల్ మీ కళ్ళముందే చూపిస్తాను. పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు దూరినట్టు, అంటే వాటిని ఆపే సీలు పోయినట్టే. ఎక్కువసార్లు కారణం ప్రొపెల్లర్ వెనక చుట్టుకున్న వల దారమే. ప్రొపెల్లర్ ఊడదీసి ఆ దారం కోసి, షాఫ్టుకు గ్రీజు పెట్టి బిగిస్తాను. కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, అప్పుడే లోపల గాలి మిగలదు.

ప్లగ్గులు తీసి సిలిండర్లో కాస్త ఆయిల్ పోసి తాడు నాలుగుసార్లు లాగడం, డ్రమ్ము నీళ్ళలో నడిపి ఒండ్రు కడగడం, నిలువుగా స్టాండు మీద పెట్టడం మామూలే. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: దయచేసి ఒడ్డున నీళ్ళు లేకుండా స్టార్ట్ చేసి చూడకండి. లోపలి పంపు రెక్కలు రబ్బరువి. పొడిగా తిరిగితే నిమిషంలోపే పాడవుతాయి.

ఒక్కో ఇంజనుకు సగం రోజు పడుతుంది కాబట్టి కూలి 300 రూపాయలు పెంచక తప్పడం లేదు. ఆ 7 ఇంజన్లకు మాత్రం ఈసారి పైసా తీసుకోను, వాళ్ళే ముందు రండి. వచ్చేటప్పుడు ట్యాంకు పైపు, ఇంజను ఆపే స్విచ్‌కు తగిలించే క్లిప్పు మరిచిపోవద్దు. అవి లేకుండా ఇంజను నడిపి చూడలేను.